పడవెక్కిన మనిషి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న అనకాపల్లి చేపల మార్కెట్‌కి వెళ్తే ఆమె చోటు ఖాళీగా ఉంది. పక్కన రొయ్యలమ్మే ఆవిడ నన్ను చూసి కత్తిపీట వదిలి లేచింది.

"మేస్టారూ, మీ మనిషి ఎల్లిపోనాది" అంది.

ఎక్కడికని అడగబోయాను. ఎక్కడికైనా వెళ్ళగల మనిషే. అంతలో ఆవిడే చెప్పింది. గురువారం మధ్యాహ్నం భోంచేసి, చెయ్యి కడుక్కుని, గోడకి చేరబడి కూర్చుందట. మరిది కోడలు మంచినీళ్ళు తెచ్చేసరికి అయిపోయిందట.

ఆ రోజు చేపలు కొనలేదు. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్తే, ఆమె పొయ్యి కట్టేసి వరండాలోకి వచ్చి కూర్చుంది.

"మీ మనిషి" అంది రొయ్యలావిడ. ఆ మాటకు నేను తగుతానో లేదో తెలియదు. తగకుండా ప్రవర్తించిన సందర్భం ఒకటుంది. దాన్ని దాచకుండా రాస్తాను.

ఆమె పేరు రాయను. పేరు పెట్టి ఆమెను ఎవరైనా పిలవగా నేను వినలేదు కూడా. వంజరాన్ని మా వైపు కోనాం అంటారు. మార్కెట్లో ఆమె "కోనాం ఆవిడ". ఊళ్ళో ఫలానావాడి వదిన. ఆ ఊరి పేరు కూడా రాయను. అనకాపల్లికి గంట దూరంలో సముద్రపు ఒడ్డున ఉంది. అక్కడివాళ్ళంతా అక్కడే ఉన్నారు, నాతో బాగానే మాట్లాడుతున్నారు.

ఆమె దగ్గర కొనడానికి కొన్ని పద్ధతులుండేవి. చేపని ముట్టుకోకూడదు. ఎవరైనా వేలితో నొక్కబోతే ఆ చేతిమీద తడిగుడ్డతో ఒకటి వేసేది. "నొక్కితే మీకేటి తెలుస్తాది? కన్ను సూడండి" అనేది. తనే బొటనవేలితో చేప మొప్ప పైకెత్తి లోపలి ఎరుపు చూపించేది. సరుకు బాగోలేని రోజున అడక్కముందే, "ఇయ్యాల మీకు నేదు, ఎల్లండి" అని పంపేసేది. ఒకసారి ఎవరో పెద్ద ఆఫీసరు డ్రైవరు వచ్చి, సారుకి ముందు మంచి ముక్కలు తియ్యమన్నాడు. నాకు తూకం వేస్తున్నదల్లా తలెత్తకుండానే అంది: "ఆపీసరైతే కోనాం రెండు తోకల్తో పుడతాదేటి? ఎనకాల నిలబడు." అతను నిలబడ్డాడు.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. గోడకి పటం వేలాడదీసి జెనోవా, నేపుల్స్, మాల్టా అంటూ బెత్తంతో చూపించి చూపించి ఆ పటం మీద మధ్యధరా సముద్రం రంగు పోయింది. రిటైరయ్యాక ఆ ఊళ్ళు ఒకసారి కళ్ళారా చూడాలనిపించింది. విశాఖపట్నం నుంచి ఒక బృందం వెళ్తోందని తెలిసి మా ఇద్దరి పేర్లూ ఇచ్చాను. మేడలాంటి పెద్ద ఓడ. రోజుకో రేవు. ఈ సంగతి మార్కెట్లో మా పాత డ్రిల్లు మేస్టారికి కాస్త గట్టిగానే చెప్తున్నాను. ఆమె పొలుసు గీకుతూ విన్నది.

"ఏ సముద్రం మేస్టారూ?"

"మధ్యధరా సముద్రం. చాలా దూరం."

ముక్కలు సంచిలో వేసి నా చేతికిచ్చింది. ఇచ్చిన సంచి ఇంకా వదలకుండానే అడిగింది. "ఆ ఓడ ఆడోళ్ళని ఎక్కించుకుంటాదా?"

నవ్వాను. "సగం మంది ఆడవాళ్ళే ఉంటారు" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో నాకు తర్వాత తెలిసింది. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు పడవెక్కరు. వలలు బాగుచేస్తారు, చేపలు ఎండబెడతారు, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముతారు. పడవ ఒడ్డుకి వచ్చినప్పుడు మాత్రం దూరంగా ఇసకలో నిలబడాలి. మగవాళ్ళు సరుకు కిందికి దించాకే దగ్గరికి రావాలి. ఆడదాని కాలు తగిలిన పడవకి వేట పడదని వాళ్ళ నమ్మకం.

మరుసటి ఆదివారం నేను అడక్కముందే అంది: "నాకూ ఒక టిక్కెట్టు రాయించండి."

పాస్‌పోర్టు కావాలన్నాను. వీసా అన్నాను. అక్కడి తిండి, చలి, భాష అన్నీ ఏకరువు పెట్టాను. అంతసేపూ ముగ్గురికి చేపలు కోసిచ్చింది. నేను ఆగాక, "అయిపోనాదా? రాయించండి" అంది. కొబ్బరితోట రోడ్డు కింద పోతే వచ్చిన డబ్బు ఆమె దగ్గరుంది. అది మరిది పడవ ఇంజనుకి ఇస్తుందని ఊరంతా అనుకుంటున్న రోజులవి.

ఆ బృందంలో డాక్టర్లు, పెద్ద ఉద్యోగాలు చేసి దిగిన వాళ్ళు ఉన్నారు. వాళ్ళ మధ్యకి ఈమెను ఎలా తీసుకువెళ్ళడమా అని నాకు బెరుకు. మా ఆవిడ వద్దంటుందేమోనని ఆశపడ్డాను. "మంచిదేగా" అందావిడ. "నాకు తోడుంటుంది. మీరెలాగూ ప్రతి రాయి దగ్గరా నిలబడి పాఠం చెప్తారు."

వీసా కోసం వేలిముద్రలివ్వడానికి ముగ్గురం రైల్లో విశాఖపట్నం వెళ్ళాం. మా ఇద్దరివీ నిమిషంలో అయిపోయాయి. ఆమె వేళ్ళు అద్దం మీద పెడితే కంప్యూటర్లో ఏమీ రాలేదు. మళ్ళీ పెట్టింది. రాలేదు. చేతులు కడిగించారు, నూనె రాయించారు. అక్కడి అమ్మాయి ఆ వేళ్ళను పట్టుకుని చూసి, "గీతలే లేవండీ" అంది నాతో.

"నాతో సెప్పు" అంది ఆమె. "పొలుసు గీకి గీకి పోనాయి. గీతల్నేకపోతే మనిషిని కాదేటి? ముకం సూడు."

"ఇంకో రోజు రండమ్మా."

"రాను. ఇక్కడే కూకుంటాను. నీకు కాలీ అయినప్పుడల్లా తియ్యి."

అన్నట్టే కూర్చుంది. అరగంటకోసారి లేచి వెళ్ళి వేళ్ళు పెట్టేది. మేము బయటికి వెళ్ళి భోంచేసి వచ్చాం, ఆమె రాలేదు. నాలుగు దాటాక, ఆ అమ్మాయే లేచి వచ్చి తన చేతులతో ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా అద్దానికి అదిమి పట్టి తీసింది. సగం సగం గీతలు పడ్డాయి. చాలన్నారు. కాగితంలో ఎందుకు వెళ్తున్నారో రాయాలంది ఆ అమ్మాయి.

"సూడ్డానికని రాయి."

"ఏం చూడ్డానికమ్మా?"

"ఎల్లేక తెలుస్తాది."

అలా ఆమె మాతో బయల్దేరింది. బార్సిలోనాలో ఓడ ఎక్కేటప్పుడు బృందంలో అందరూ ఫొటోలు దిగుతుంటే, ఆమె మెడ వెనక్కి వాల్చి ఆ పదిహేను అంతస్తుల్నీ చూసింది. గాజు తలుపులు దాటి, తివాచీ మీద నడిచి, లిఫ్టులో తన గదికి చేరింది. సాయంత్రం కనబడితే ఎలా ఉందని అడిగాను.

"ఇది పడవేటి మేస్టారూ? కలటేరాపీసులాగుంది. నీల్లెక్కడో కిందున్నాయి, తగలవు" అంది.

ఓడ ఎక్కువగా పొద్దున్న రేవు చేరేది, సాయంత్రం కదిలేది. ఆ మధ్యలో మమ్మల్ని బస్సుల్లో ఊరు తిప్పేవారు. నేను నోటుపుస్తకం నిండా రాసుకుని వెళ్ళాను. జెనోవాలో పాత దీపస్తంభం దగ్గర నిలబడి, ఈ ఊరి వర్తకులు ఎంతెంత దూరాలు వెళ్ళారో, ఎన్ని యుద్ధాలు చేశారో చెప్పాను. బృందంలో కొందరు శ్రద్ధగానే విన్నారు. అంతా అయ్యాక ఆమె అడిగింది. "ఆళ్ళు ఎల్లిపోతే ఆడోళ్ళేటి సేసేవోరు?"

నా పుస్తకంలో అది లేదు. ఉండి ఉంటారు, ఇళ్ళు చూసుకుని ఉంటారు అన్నాను. నేపుల్స్‌లో సముద్రపు ఒడ్డున కోట చూపించి ఆ రాజుల గురించి చెప్తే, "రాజులకి సేపలెవరు పట్టుకెల్లి అమ్మేవోరు?" అని అడిగింది. ఎగతాళి కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగేది, నేను చెప్పలేకపోతే తల పంకించి ముందుకు నడిచేది. అన్నేళ్ళు పాఠం చెప్పిన నన్ను ఒక్క పిల్లాడూ అడగని ప్రశ్న అది. ఆ తర్వాత రేవుల్లో నోరు తెరిచే ముందు ఆమె ఎక్కడుందో చూసుకునేవాణ్ణి.

ఆమెను ఆమెగా చూడాలంటే మార్సెయ్‌లో చూడాలి. అక్కడ పాత రేవు గట్టు మీద పొద్దున్నపూట జాలర్ల భార్యలు నీలం తొట్లలో చేపలు పెట్టి అమ్ముతారు. మా బృందం కొండమీది చర్చికి వెళ్తోంది. ఆమె కదల్లేదు. మా ఆవిడ కూడా ఉండిపోయింది, నేనూ ఆగాల్సి వచ్చింది. ఆమె తొట్టి తొట్టి దగ్గరా ఆగి, "ఇయి కవళ్ళు. ఇయి కానగంతలు. ఓలమ్మ, గులివిందలు, ఈటినీ ఇంత బద్రంగా పెట్టుకున్నారు" అంటూ మా ఆవిడకి చూపించింది. ఒక తొట్టి దగ్గర మాత్రం ఆగిపోయింది. అమ్మే ఆవిడది దాదాపు ఆమె వయసే. రబ్బరు బూట్లు, ఎర్రటి చేతులు. ఈమె చేపని ముట్టుకోలేదు. కన్ను వైపు వేలు చూపించి తల అడ్డంగా ఊపింది. ఆ ఫ్రెంచావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఏదో గట్టిగా అంది. ఈమె తెలుగులో, "నిన్నటి సరుకు ఇయ్యాల అమ్ముతున్నావు, ఆ కేకలెందుకు" అంది. ఆవిడ తన భాషలో, ఈమె తన భాషలో కాసేపు వాదించుకున్నారు. చివరికి ఆవిడ నవ్వేసి, బల్ల కిందనుంచి వేరే తొట్టి బయటికి లాగింది. ఈమె ఒంగి చూసి, "ఇదీ" అంది. చేప కొనేది లేదు, వండేది లేదు. అయినా ఇద్దరూ ఒకరి అరచేతులు ఒకరు చూసుకున్నారు. వీసా ఆఫీసులో దొరకనిదేదో ఆ ఫ్రెంచావిడకి ఆ చేతుల్లో చూడగానే దొరికింది.

ఇక నేను దాచనన్న సంగతి.

ఓడలో ఒక రాత్రి పెద్ద భోజనం ఏర్పాటు చేశారు. అందరూ మంచి బట్టలతో రావాలని ముందే చెప్పారు. ఆమె కొత్త జరీచీర కట్టింది. ఎప్పటిలాగే, మోకాళ్ళ కిందికి దిగనివ్వకుండా గోచీ పోసి కట్టింది. మా బల్ల దగ్గర ఎనిమిదిమందిమి. అందులో విశాఖపట్నం జంట ఒకటి బృందం మేనేజరుని పక్కకి పిలిచి మాట్లాడటం చూశాను. అంతకుముందు రోజు ఆమె డబ్బాలోంచి ఎండు నెత్తళ్ళు తీసి తిన్నదని వాళ్ళకి కోపం. మేనేజరు కుర్రవాడు వచ్చి ఆమె చెవి దగ్గర ఒంగాడు.

"అమ్మా, మీకు పై అంతస్తులో బఫే సౌకర్యంగా ఉంటుంది. రండి, నేను తీసుకెళ్తాను."

"నాకిక్కడే బాగుంది."

"ఇక్కడ చేత్తో తినకూడదమ్మా. మీకే ఇబ్బంది."

ఆమె బల్ల చుట్టూ ఒక్కొక్కరినే చూసింది. నా దగ్గరికి వచ్చేసరికి నేను పళ్ళెం పక్కన ఉన్న చెంచాలు సర్దుకుంటున్నాను. ఆమె నాతో వచ్చిన మనిషి. నేను చెయ్యి వేసి ఆపితే ఆ కుర్రవాడు వెళ్ళిపోయేవాడు. నేను ఆపలేదు. మా ఆవిడ నోరు తెరిచేలోపు ఆమే జవాబు చెప్పింది.

"బాబూ, సేపని సేత్తో పడతారు, సేత్తో కోత్తారు. తిన్నప్పుడు సెయ్యి ఏటి పాపం సేసింది? డబ్బులు నీకు సేత్తోనే ఇచ్చేను. తీసుకున్నావు."

కుర్రవాడు నిటారుగా నిలబడ్డాడు. అప్పటికే చేపలు వచ్చేశాయి, తలా తోకా ఉన్నవి. మేమంతా కత్తులతో ఆ ముళ్ళ మధ్య తంటాలు పడుతుంటే, ఆమె వెన్నెముక ఒక్క లాగులో పైకి తీసి పళ్ళెం అంచున పెట్టింది. నెమ్మదిగా, ఒక్కతే ఉన్నట్టు, కడదాకా తిన్నది. తర్వాత మా ఆవిడ కూడా కత్తీ ముళ్ళచెంచా పక్కన పెట్టేసింది. నేను మాత్రం కత్తితోనే తిన్నాను. ఆ చేప రుచి నాకు గుర్తు లేదు.

మర్నాడు ఉదయం ఓడ పై అంతస్తులో కటకటాల దగ్గర ఆమె ఒక్కతే నిలబడి ఉంది. క్షమాపణ చెప్పుకుందామని వెళ్ళాను. నాకంటే ముందు ఆమే మాట్లాడింది.

"రాత్రి మీరు సెంచాలు లెక్కెట్టుకున్నారు మేస్టారూ."

ఔనన్నాను. తప్పయిందన్నాను.

"సర్లెండి" అంది. క్షమించిందో లేదో ఆ గొంతులో తెలియలేదు. తర్వాత తన చిన్నప్పటి సంగతి చెప్పింది. ఎనిమిదేళ్ళప్పుడు, ఎండకి తాళలేక, ఒడ్డుమీద ఉన్న వాళ్ళ నాన్న పడవలో పోయి పడుకుందట. వాళ్ళ నాన్నే లంగరు తాడుతో కొట్టాడట. పడవని పసుపునీళ్ళతో కడిగారట. "దెబ్బలు మర్సిపోయేను. కడగడం మర్సిపోనేదు" అంది.

ఆ మధ్యాహ్నానికి మాల్టా చేరాం. వాలెట్టా కోటలు చూపించాక, అక్కడికి దగ్గర్లో మార్సాష్లొక్ అనే జాలర్ల ఊరికి బస్సులో తీసుకువెళ్ళారు. గంటసేపు టైమిచ్చారు. రేవు నిండా చిన్న చిన్న పడవలు. పసుపు, నీలం, ఎరుపు రంగులు. ప్రతి పడవ ముందుభాగానికీ రెండు వైపులా కళ్ళు చెక్కి రంగులు వేశారు. నేను ఆ కళ్ళ వెనక ఉన్న చరిత్ర చెప్పడానికి పుస్తకం తెరిచేసరికి ఆమె పక్కన లేదు.

గట్టు చివర ఒక ముసలి జాలరి పడవలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆమె అతని ఎదురుగా నిలబడి ఉంది. పడవ వైపు వేలు చూపించింది, తర్వాత తన గుండె మీద పెట్టుకుంది. అతను వల పక్కకి జరిపాడు. తాడు లాగి పడవని గట్టుకి ఆనించి, లేచి చెయ్యి అందించాడు. అంతే. ఏమీ అడగలేదు.

ఆమె చెప్పులు గట్టు మీద విడిచింది. ఒంగి పడవ అంచుని తాకి ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. ఎక్కింది. అతను కూర్చోమని బల్ల చూపిస్తే కూర్చోలేదు. తాడు విప్పి ఇంజను పెట్టాడు. పడవ రేవు మధ్యకి వెళ్ళింది.

ఇంతలో మా బస్సు హారను మోగింది. మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఇదేంటి సార్, అందరూ ఎక్కేశారు. ఆవిణ్ణి పిలవండి. ఆగే పని లేదు" అన్నాడు. బస్సు కిటికీల్లోంచి బృందమంతా చూస్తున్నారు. కొందరు ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు.

"మీరు వెళ్ళండి. ఆవిడతో మేము వస్తాం" అన్నాను.

"ఓడ తప్పిపోతే నాకు సంబంధం లేదు సార్."

"సరే" అన్నాను. బస్సు వెళ్ళిపోయింది. మా ఆవిడ నా మొహంలోకి చూసి, గట్టుమీద కూర్చుంది.

వాళ్ళు రేవంతా రెండుసార్లు చుట్టి వచ్చారు. ఆమె చీర సగం తడిసిపోయింది. ముసలాయన డబ్బు తీసుకోనంటే, ఆమె మా ఆవిడ సంచిలో ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి అడిగి తీసుకుని అతని చేతిలో పెట్టింది. దిగాక ఎలా ఉందని అడిగాను.

"ఏటీ నేదు మేస్టారూ" అంది. "ఊగుతాది. అంతే. ఇన్నేళ్ళూ అందులో ఏటి దాసేరో అనుకున్నాను."

సిటీబస్సు పట్టుకుని వాలెట్టా వచ్చాం. ఓడ కదలడానికి ఇంకా టైముంది.

ఇంటికి వచ్చిన నెలకే అసలు గొడవ మొదలైంది. బస్సులోంచి ఎవరో తీసిన వీడియో ఫోన్లు దాటి దాటి ఆమె ఊరు చేరింది. సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్ళ ఊరి పడవ ఒకటి ఇంజను చెడి రెండు రోజులు సముద్రంలో కొట్టుకుపోయింది. మనుషులు బతికి బయటపడ్డారు గాని, కారణం ఆమేనన్నారు.

ఒక పొద్దున్న ఆమె మరిది మా ఇంటికి వచ్చాడు. గేటు దగ్గరే నిలబడిపోతే లోపలికి పిలిచాను. మెత్తని మనిషి.

"మేస్టారూ, రేపు పెద్దలు కూకుంటన్నారు. మీరొచ్చి ఒక్క మాట సెప్పండి. మా వదిన ఓడే ఎక్కిందని, సిన్న పడవ ఎక్కనేదని. ఓడెక్కితే పరవానేదంటన్నారు, అది మన పడవ కాదు కదా. పోన్లో బొమ్మ ఎవరిదోనని సెప్పీయండి. సదువుకున్నోరు, మీ మాట నమ్ముతారు."

ఆమెకు మంచి జరుగుతుందనే అనుకున్నాను. వస్తానన్నాను.

వలలు కుట్టుకునే పాకలో కూర్చున్నారు పెద్దలు. ఆడవాళ్ళు బయట ఎండలో నిలబడ్డారు. ఆమె పాక గుంజకి ఆనుకుని ఉంది. పెద్దాయన నా వైపు తిరిగి, "బాబూ, మీరు కూడా ఉన్నారంట. ఏటి జరిగిందో సెప్పండి" అన్నాడు. నేను లేచాను. చెప్పాల్సిన అబద్ధం చిన్నదే, ఎన్నోసార్లు మనసులో అనుకున్నదే. అది చెప్పకుండా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాను.

"మేస్టారూ, కూకోండి" అంది ఆమె. "లెక్కెట్టుకోడానికి ఇక్కడ సెంచాల్నేవు."

తర్వాత వాళ్ళ వైపు తిరిగింది. "ఎక్కేను. ఎవరూ తొయ్యనేదు, నా అంతట నాను ఎక్కేను. రేవంతా తిరిగేను. ఇంజను సెడిపోతే మెకానిక్కుని అడగండి, నన్నేటి అడుగుతారు?"

"నోటికొచ్చినట్టు మాటాడకు" అన్నాడొకడు. "మన కట్టుబాటు నీకు తెలవదా?"

"తెలుసు. నా పెనివిటి పడవ మీద ఏ ఆడది కాలెట్టింది? రోజూ పసుపెట్టి పంపేను. అది తిరిగొచ్చిందా? ఎక్కడుందో సూపించండి."

ఆమె భర్త వేటకి వెళ్ళి తిరిగిరాలేదని నాకు అప్పటిదాకా తెలియదు. అన్ని రోజులు ఓడలో కలిసి తిరిగినా చెప్పలేదు. మరిది తల వంచుకున్నాడు. పోయినవాడు అతని అన్నే. చివరికి పెద్దాయనే కాస్త మెత్తబడి, "సరే, అమ్మోరికాడ కొబ్బరికాయ కొట్టి, తప్పయిందని ఒక్క మాట అను. అయిపోతాది" అన్నాడు.

"కాయ కొడతాను. అమ్మోరంటే నాకూ బక్తే. తప్పయిందని మాత్రం అనను."

పెద్దాయన మళ్ళీ నన్ను చూశాడు. "మీరు సూసేరా బాబూ?"

ఈసారి లేచి నిలబడ్డాను. "చూశాను. గట్టు మీద నేనే ఉన్నాను. బస్సు వెళ్ళిపోయినా ఆమె కోసం ఆగాను. ఆమె చేసిన దాంట్లో నాకు తప్పేమీ కనబడలేదు" అన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

మర్నాటినుంచి ఆ రేవులో ఏ పడవా ఆమెకు సరుకు ఇవ్వకూడదని తీర్మానించారు. సొంత మరిది కూడా ఇవ్వకూడదు.

ఆ వారం మార్కెట్లో ఉండదనుకున్నాను. ఉంది. తెల్లవారుజామున రైలుబండికి విశాఖపట్నం హార్బరు వెళ్ళి, వేలంలో కొని, మళ్ళీ బండెక్కి పది గంటలకల్లా అనకాపల్లిలో తట్ట దించేది. రెండు నెలలు అలా ఒక్కతే తిరిగింది. ఆ వయసులో ఎందుకింత అవస్థ అంటే, "అక్కడ ఆడోళ్ళే పాట పాడతన్నారు మేస్టారూ. ఎవులూ దూరంగా నిలబడమనరు" అంది. తర్వాత రొయ్యలావిడ ఆమెతో వెళ్ళడం మొదలెట్టింది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు. వర్షాలు వచ్చేసరికి ఆ ఊరి ఆడవాళ్ళు ఏడెనిమిదిమంది పొద్దున్నే అదే పెట్టెలో కబుర్లు చెప్పుకుంటూ వెళ్తుండేవారు. ఊళ్ళో పడిన సరుకు మోసుకెళ్ళేవాళ్ళు లేక మగవాళ్ళే వచ్చి మార్కెట్లో కూర్చున్నారు. కొనడానికి వచ్చినవాళ్ళంతా ఆ మగవాళ్ళ చేపల్ని నొక్కి నొక్కి చూసి వెళ్ళిపోయేవారు.

కొన్నాళ్ళకి ఊరివాళ్ళే కబురు పెట్టారని, మళ్ళీ తన రేవులోనే కొంటోందని విన్నాను. ఏం జరిగిందని అడిగితే, "రమ్మన్నారు, ఎల్లేను" అని కోనాం తూకం వేసింది. అంతకుమించి చెప్పలేదు.

ఆమె పోయిన పదకొండో రోజుకి మా ఆవిడా నేనూ ఆ ఊరు వెళ్ళాం. భోజనాలయ్యాక మరిది నన్ను ఒడ్డుకి తీసుకువెళ్ళాడు. ఇసకలో కూర్చున్నాం. అప్పట్లో ఆమెను మళ్ళీ రేవుకి ఎలా రమ్మన్నారని అతన్ని అడిగాను. నీళ్ళ వైపు చూస్తూ చెప్పాడు.

"నానే ఎల్లి పిల్సేను మేస్టారూ. వచ్చింది. ఇసకలో మాత్రం నిలబడనంది. సరుకు పడవలో ఉండగానే సూసి కొంటానంది. పెద్దలు ఒకరి ముకం ఒకరు సూసుకున్నారు. ఎవులూ ఊ అననేదు, ఊహూ అననేదు. సీర ఎగ్గట్టి నీళ్ళల్లోకి దిగింది. మొదట వచ్చింది నా పడవే. సెయ్యందించబోతే అక్కర్నేదంది. అంచు పట్టుకుని తనే ఎక్కింది. ఊరంతా సూత్తన్నారు."

"ఎక్కి?"

"ఏటీ నేదు. సేపలన్నీ తిరగేసింది. అయిసు తక్కువేసేరు అనీసి దిగిపోనాది."